మోకాలి లోతు మట్టి

మా అత్తగారిని వీధిలో అందరూ చెత్తమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అనే దమ్ము ఒక్కడికీ లేదు. చిక్కుడుకాయలు కావలసి వచ్చినప్పుడు మాత్రం "అమ్మగారూ, ఓ గుప్పెడు ఇస్తారా" అంటూ గేటు పట్టుకుని వేలాడతారు. కోసిచ్చిన కాయలు సంచీలో వేసుకుని మలుపు తిరిగాక మళ్ళీ చెత్తమ్మే. వాళ్ళ నోళ్ళు పడిపోను! ఆవిడకీ ఈ సంగతి తెలుసు. "అననీవే, వాళ్ళన్నంత మాత్రాన నా మట్టికి చీడ పడుతుందా?" అని నవ్వేస్తుంది. నాకంత ఓర్పు లేదు. నేను కళ్ళద్దాల షాపులో కౌంటర్ వెనక నిలబడి రోజంతా జనానికి నవ్వు మొహం చూపించే మనిషిని. ఇంటికొచ్చేసరికి నా దగ్గర నవ్వు మిగలదు.

ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై మూడేళ్ళు పనిచేసింది. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది గుడ్డలు. పొద్దున్న ఆరింటికి ఆవిరి గదిలోకి వెళితే మధ్యాహ్నం రెండింటికి బయటికి రావడం. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని తెల్లబోయి ఉండేవి. ఉతికి ఆరేసిన దుప్పటిని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది మళ్ళీ వెయ్యండి" అనేదట. చూస్తే మరక కనబడేది కాదు. కాదని ఇస్త్రీ చేస్తే పసుపు మచ్చ పైకి తేలేది. అప్పట్నుంచీ సూపర్‌వైజరు కూడా ఆవిడ ముక్కు మీద నోరెత్తలేదు.

ఈ ఇల్లు కొన్నది పద్నాలుగేళ్ళ కిందట. ఇల్లు కట్టినవాడు వెనక పెరడు నిండా తన చెత్తంతా వదిలేసి పోయాడు. ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, సున్నపు పెళ్ళలు, వైరు తుక్కు, ఎండిపోయిన రంగు డబ్బాలు. పార వేస్తే ఖంగుమనేది. వాన పడితే వారం రోజులు నీళ్ళు నిలిచేవి. "దీన్ని సిమెంటు చేయించేస్తే పీడా పోతుంది" అన్నారట మామయ్య. ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిరి గదిలో బతికే మనిషికి పచ్చటిది ఏదో ఒకటి కంటికి ఆనాలి కదా.

ఆ పెరట్లో మట్టి లేదు కాబట్టి మట్టి చేసుకుంది. అవును, చేసుకుంది. రోజూ సాయంత్రం ఓ బస్తా రాళ్ళు ఏరడం. బడి ఆవరణలో రాలిన ఆకులు లాండ్రీ సంచుల్లో కుక్కి తెచ్చుకోవడం. ఒకసారి అక్కడ ఊడ్చే మనిషి ఆకుల కుప్పకి అగ్గిపుల్ల పెట్టబోతుంటే చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని కొంగున ముడేసుకుని వచ్చిందట. ఆసుపత్రి క్యాంటీన్ నుంచి టీ పిప్పి, కూరగాయల తొక్కలు బకెట్లో వేసుకుని బస్సెక్కేది. కండక్టరు ముక్కు మూసుకుని "అమ్మా, ఆ బకెట్ అయినా దిగాలి, నువ్వైనా దిగాలి" అంటే, "ఇద్దరమూ దిగం" అని చెప్పి చివరి సీటులో కూర్చునేది. పాలడైరీ నుంచి పేడ. ఒక పొర ఆకులు, ఒక పొర తొక్కలు, ఒక పొర పేడ, పైన తడిగోనె. నెలకోసారి తిరగెయ్యడం. మొదటి రెండేళ్ళూ గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. మూడో ఏట వానపాములు వచ్చాయి. ఆ రోజు ఆవిడ ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి "వచ్చాయండీ!" అని అరిస్తే, చుట్టాలెవరో వచ్చారనుకుని మామయ్య చొక్కా వేసుకున్నారట.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడేళ్ళు. నేను వచ్చేసరికే మూడు మళ్ళు, మోకాలి లోతు మట్టి. నల్లగా, పొడిపొడిగా, చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది.

మామయ్య గడియారాలు బాగుచేస్తారు. వీధి కిటికీ దగ్గర బల్ల, కంటికి భూతద్దం. ఆయన చూపంతా అరంగుళం లోపలే. పద్నాలుగేళ్ళలో వెనక గుమ్మం దాటి పెరట్లో కాలు పెట్టింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చెప్పులకి మట్టంటుతుందట! అయినా ఇంట్లో ఏ పని మొదలెట్టాలన్నా "మామయ్యని అడిగావా?" అనేది మా ఇంటి అలవాటు. కుళాయి మార్చాలన్నా, గోడకి మేకు కొట్టాలన్నా అంతే. అత్తయ్య కూడా అదే మాట అంటుంది. ఎవరు పెట్టారో ఈ అలవాటు, వాడి మొహం మండ!

ఈ ఏడు చలికాలం చివర్లో అత్తయ్య రిటైరయింది. ఆ రోజు ఇంట్లో అందరం టీ తాగుతూ కూర్చున్నాం. చిన్నమామయ్య, అంటే మామయ్య తమ్ముడు, రెండు వీధుల అవతల మోటారు షెడ్డు నడుపుతాడు. మనిషి మంచివాడే. నోరు మాత్రం కారు హారను. "వదినా, ఇన్నాళ్ళు చాకిరీ చేసింది చాలు. నీ పెరడు సంగతి నాకొదిలెయ్. వసంతానికి అద్దంలా చేయించి పెడతా" అన్నాడు. అత్తయ్య నవ్వి, "ముందు నీ షెడ్డులో కాలు పెట్టడానికి చోటు చెయ్యి" అంది. అందరం నవ్వాం. ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాం.

ఆ రాబోయే వసంతం మీద ఆవిడ ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. లాండ్రీ చీటీ వెనక్కి తిప్పి పెరడంతా గీసుకుంది. టమాటాలు ఇక్కడ, మిరప ఇక్కడ, గోడ వార చిక్కుడు పందిరి, మూలన పూలు. మెట్ల మీద కోసిన ప్లాస్టిక్ సీసాల్లో నారు పోసింది. "ఇన్నేళ్ళూ తెల్లారకముందు చీకట్లో తడుముకుంటూనో, డ్యూటీ నుంచి వచ్చి నడుం పట్టేశాకో తప్ప మట్టి ముట్టుకునే యోగం లేదే నాకు. ఈసారి పొద్దున్నే ఎండలో కూర్చుని నాటుతా. ఎవడి బెల్లూ మోగదు" అంది. ఆదివారం మూడు మళ్ళూ తిరగేసి, పైన ఎండాకులు కప్పింది. వారం రోజులు మట్టిని అలా వదిలేసి ఆ పైన నాటాలి. ఈలోగా పెన్షన్ కాగితాల మీద సంతకాలకి పెద్దాఫీసుకి రమ్మన్నారు. నాలుగు గంటల బస్సు ప్రయాణం. సోమవారం తెల్లారే బయల్దేరింది. "నారుకి నీళ్ళు మర్చిపోకే" అని గుమ్మంలో మూడుసార్లు చెప్పింది.

నారుకి నీళ్ళు మర్చిపోలేదు నేను.

ఎనిమిదిన్నరకి మినీ లారీ వచ్చి వెనక గేటు దగ్గర ఆగింది. నలుగురు కూలీలు, పారలు, తట్టలు. వెంటనే చిన్నమామయ్య ఫోను. "అమ్మాయ్, గేటు తాళం తియ్యి. పెరడు చదును చేయిస్తున్నా. వదినకి చెప్పకు, వచ్చి చూసి మూర్ఛపోవాలి!" మా ఆయన లారీ డ్రైవరు, ట్రిప్పు మీద వెళ్ళి ఆ వారం ఊళ్ళో లేడు. నాకు షాపుకి టైమవుతోంది. తాళం తీశాను.

కూలీల్లో ఒకాయన, నెరిసిన మీసాలవాడు, ఎండాకులు పక్కకి తప్పించి గుప్పెడు మట్టి తీశాడు. అటూ ఇటూ నలిపి వాసన చూశాడు. "అమ్మా, ఇది ఎవరో కష్టపడి చేసిన మట్టి. నిజంగా ఎత్తెయ్యమంటారా? ఇంటామె ఉందా?" అన్నాడు.

"ఊళ్ళో లేరు" అన్నాను. లోపలికి కేకేశాను. "మామయ్యా, వెనక మట్టి తీసెయ్యాలా అని అడుగుతున్నారు!"

ఆయన తల ఎత్తలేదు. "తమ్ముడు ఎలా చెబితే అలా చెయ్యమను."

నేను ఆ మాటే వాళ్ళకి చెప్పాను. మీసాలాయన ఇంకా నా మొహం వంకే చూస్తున్నాడు. "చెప్పారుగా, కానివ్వండి" అన్నాను విసుగ్గా. నలుగురికీ టీ కూడా ఇచ్చి, చెప్పులేసుకుని షాపుకి పోయాను. ఆ మట్టి విలువ నాకు తెలీదా? ఏడేళ్ళు అందులో కాసింది తిన్నాను. చదును చేసి మళ్ళీ అక్కడే పోస్తారులే అనుకున్నాను. అనుకున్నానో, అనుకున్నట్టు ఇప్పుడు రాసుకుంటున్నానో, అదీ గట్టిగా చెప్పలేను. టైమయిపోయింది, అంతే. ఆలోచించే ఓపిక లేకపోయింది.

సాయంత్రం వచ్చి వెనక గేటు తీశాను. మళ్ళు లేవు. గోడ నుంచి గోడ దాకా ఎర్రమట్టి, చదునుగా, రోలరు తిప్పినట్టు గట్టిగా ఉంది. చుట్టూ తెల్లరంగు పూసిన ఇటుకలు. మధ్యలో చిన్నమామయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"పాత మట్టేదండీ?"

"నా షెడ్డు నేల ఎత్తు చేయిస్తున్నాగా, వానొస్తే లోపలికి నీళ్ళొస్తున్నాయని. అందులో పోయించా. సరిగ్గా సరిపోయింది. రేపు మధ్యాహ్నం పైన కాంక్రీటు."

అప్పుడైనా అత్తయ్యకి ఫోను చెయ్యాలి కదా. చెయ్యలేదు. ఏదో ఒకలా సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకే!

మంగళవారం తలనొప్పని చెప్పి షాపు మానేశాను. పదకొండింటికి ఆవిడ వచ్చింది. సంచీ గుమ్మంలో పడేసి, మంచినీళ్ళయినా తాగకుండా నేరుగా వెనక్కి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

చెప్పులు విప్పి ఎర్రమట్టి మీద కాలు పెట్టింది. కాలు దిగలేదు. కాస్త మట్టి గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. కింద పడేసింది.

"ఎవరు?"

లోపల్నుంచి మామయ్య అందుకున్నారు. "తమ్ముడు చేయించాడు. బాగుంది కదూ?"

"నా మట్టేది?"

"షెడ్డులో పోయించాడట. మట్టే కదే, బదులుగా కొత్తది తోలించాడుగా!"

ఆవిడ గోడకి ఆనించిన పార అందుకుని, విప్పిన చెప్పులు అక్కడే వదిలేసి, గేటు తీసుకుని వీధిలోకి నడిచింది. ముప్పై మూడేళ్ళు బరువైన తడిగుడ్డలు ఎత్తిన భుజాలవి. పార ఆవిడ చేతిలో గరిటెలా ఉంది. నేను పరిగెత్తి అందుకోవలసి వచ్చింది.

షెడ్డు దగ్గర అప్పటికే రభస. సిమెంటు బస్తాల మీద తాపీ మేస్త్రి కూర్చుని గొంతు చించుకుంటున్నాడు. "ఏం మట్టండీ ఇది! పొద్దుట్నుంచీ దిమ్మిస వేస్తుంటే పరుపు మీద గుద్దినట్టుంది. నీళ్ళు పోస్తే ఉబ్బుతోంది. దీని మీద నేనేం పొయ్యాలి, నా తలా?" ఎదురుగా చిన్నమామయ్య "గట్టిగా కొట్టించవయ్యా, అదే దిగుతుంది" అంటున్నాడు. షెడ్డు వెనక భాగమంతా పల్లమే, ఆ నడుం లోతు గుంతలో మా మట్టి నింపారు. దిమ్మిస దెబ్బలకి పైనంతా పగిలిన కుండ పెంకులా ఉంది. అందులోంచి ఒక వానపాము బయటికి వచ్చి మెలికలు తిరుగుతోంది.

అత్తయ్య గుంతలోకి దిగింది. పార దించి ఒక పారెడు మట్టెత్తి వెనక్కి విసిరింది. అది పోయి కడిగి తుడిచి పెట్టిన తెల్లకారు మూతి మీద పడింది.

"వదినా! అది కస్టమర్ బండి!" చిన్నమామయ్య ఎగిరి గంతేశాడు.

"కడుక్కోమను. మట్టేగా!"

రెండో పారెడు. మూడోది. పనివాళ్ళంతా కిసుక్కుమన్నారు. చిన్నమామయ్య మొహం కందగడ్డ అయింది.

"నీ కోసమేగా వదినా చేసింది! సుఖపడతావని చదును చేయిస్తే..."

"నన్నడిగావా?"

"అన్నయ్యని అడిగానుగా!"

"ఆ మట్టి మీ అన్నయ్య చేశాడా?"

"మట్టిని ఎవరైనా చేస్తారా వదినా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు.

అప్పుడు విరుచుకుపడింది మా అత్తయ్య. అంతకు ముందు నేనెప్పుడూ ఆవిడ గొంతు అంత పైకి లేవడం వినలేదు. "నేను చేశాను! నీ అన్నయ్య సిమెంటు పొయ్యమంటే పొయ్యనివ్వకుండా చేశాను. బస్సులో నలుగురూ ముక్కు మూసుకుంటే బకెట్ ఒళ్ళో పెట్టుకుని చేశాను. వీధంతా చెత్తమ్మా చెత్తమ్మా అని నవ్వుతుంటే చేశాను. నువ్వూ నవ్వావు, నాకు తెలీదనుకోకు. పద్నాలుగేళ్ళు ఆ చెత్తలో చెయ్యి పెట్టాను. నా డ్యూటీ అయిపోయింది, ఇక నా వంతు అనుకున్నాను. ఒక్క రోజు, చిన్నోడా, ఒక్క రోజు నేను ఇంట్లో లేకపోతే ఎత్తుకొచ్చి నీ బండ్ల కింద తొక్కిస్తావా?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. చిన్నమామయ్య మాత్రం తల గోక్కుంటూ, "అబ్బబ్బ, ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతమా వదినా. మధ్యాహ్నం కాంక్రీటు ఉంది, మనుషుల్ని పిలిచాను. కావాలంటే వచ్చే వారం నీకింకో రెండు లారీలు తోలిస్తా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఏదో అనబోయాను. అనడానికి నాకేం మొహం ఉంది? నాలుక కరుచుకున్నాను.

మేస్త్రి బస్తాల మీంచి లేచాడు. గుంత అంచుకి వచ్చి గొంతుక్కూర్చుని మట్టి చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, ఇదంతా కుళ్ళిన ఆకా?"

"ఆకు, పేడ, తొక్కలు."

"అదీ సంగతి!" చిన్నమామయ్య వైపు తిరిగాడు. "సార్, చేలో పొయ్యాల్సింది తెచ్చి నేల కింద పోశారు మీరు. ఇది ఇంకా కుళ్ళుతుంది, కుళ్ళినకొద్దీ దిగుతుంది. మీరు కాంక్రీటు పోసినా ఆరు నెలల్లో కుంగుతుంది. బండి ఎక్కితే పెటిల్లుమంటుంది. తర్వాత మేస్త్రి మోసం చేశాడని నన్నంటే ఊరుకోను."

"కుంగుతుందా?"

"రాసిస్తా."

"అయితే ఎత్తెయ్యండ్రా!" అని చిన్నమామయ్య ఒక్క కేక పెట్టాడు. "మొత్తం ఎత్తెయ్యండి! గ్రావెల్‌కి ఫోను చెయ్యండి!"

అత్తయ్య పార నేలలో దించి, దాని మీద చెయ్యి ఆనించి నన్ను చూసింది. "విన్నావుటే? నేను పద్నాలుగేళ్ళ సంగతి చెబితే చెవికెక్కలేదు. కుంగుతుందని ఆయన ఒక్క మాటంటే ఎక్కింది." మట్టి తిరిగి వస్తోందన్న సంతోషం ఆవిడ మొహంలో రవ్వంత కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. తట్టలతో ఎత్తడం మొదలెట్టాక ఆవిడ ఆగమంది. అడుగు మట్టి గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆ నేల మీద ఎన్నేళ్ళుగానో బండ్లలోంచి తీసిన పాత ఇంజనాయిలు పారబోస్తున్నారు. దిమ్మిస కోసం నిన్న సాయంత్రం నుంచీ నీళ్ళు పోశారు కదా, ఆ నీళ్ళతో నూనె పైకి ఊరింది. చూడ్డానికి ఏ తేడా లేదు, అంతా నలుపే. చిన్నమామయ్య కూడా వాసన చూసి "ఏమీ లేదే" అన్నాడు. రోజంతా డీజిలు పీల్చే ముక్కుకి ఏం తెలుస్తుంది?

ఇక ప్రతి తట్టా ఆవిడ ముక్కు దగ్గరికి రావాల్సిందే. "ఇది పనికొస్తుంది." "ఇది పోయింది." "పోయింది." "పోయింది." నెరిసిన మీసాల కూలీయే గుంతలో ఉండి తట్టలు అందించాడు. మధ్యలో ఆయన ఏదో మెల్లగా చెబుతుంటే ఆవిడ తల వంచుకుని వింది. నేను ఓ ఖాళీ తట్ట అందుకుని పక్కకి తప్పుకున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. "ఊఁ, తర్వాతది" అంది.

మూడింటికి పనయింది. మొత్తంలో మూడో వంతు కూడా దక్కలేదు. మిగతాదంతా చెడిన మట్టిగా షెడ్డు పక్కన కుప్ప పడింది. ఆ కుప్ప దగ్గర ఆవిడ కాసేపు నిలబడింది. మేస్త్రి వచ్చి నీళ్ళ సీసా ఇస్తే తాగి, "సాయంత్రం ఇంటికి రా నాయనా, టమాటా నారుంది, పట్టుకుపో. నాకిప్పుడు అంత చోటు లేదు" అంది. చిన్నమామయ్య "వదినా, మరి నాకు?" అని నవ్వించబోయాడు. ఆవిడ అతని పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది.

దక్కిన మట్టి మినీ లారీలో ఇంటికి చేరింది. మామయ్య ఈసారి వెనక గుమ్మం దాకా వచ్చారు. భూతద్దం నుదుటి మీదకి తోసుకుని, ఆ కాస్త కుప్పనీ చూశారు. నిజంగానే బాధ పడ్డారనుకుంటా.

"పోనీలేవే. మళ్ళీ చేసుకోవచ్చు."

"ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా మీకు?"

"ఏమో... రెండు మూడేళ్ళు పట్టి ఉంటుందా?"

"పద్నాలుగు. నాకిప్పుడు అరవై. రోజంతా లెక్కలే కదా మీ పని, క్షణాలూ నిమిషాలూనూ. ఈ లెక్క కూడా మీరే వెయ్యండి."

ఆయన లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నారు కానీ భూతద్దం కంటికి దించుకోలేదు. చెప్పులు లేకుండానే మళ్ళీ వచ్చి, ఏం చెయ్యాలో తెలీక, తెల్ల ఇటుకలు ఒక్కొక్కటే పీకి గోడ వార పేర్చడం మొదలెట్టారు. ఆవిడ వద్దనలేదు, ఇలా పెట్టండి అనీ చెప్పలేదు.

ఎండ వాలుతుండగా మేమిద్దరం గోడ పక్కన ఎర్రమట్టిని గునపంతో పగలగొట్టి ఒక్క మడికి చోటు చేశాం. మూడు మళ్ళలో ఒకటి. అరవై టమాటా మొక్కల్లో పద్దెనిమిదికి చోటుంది. మిరప లేదు, చిక్కుడు లేదు, మూలన పూలు లేవు. ఆవిడ మట్టి పోస్తుంటే నేను చేత్తో సర్దుతున్నాను. గడ్డలో ఇంకా గాజుపెంకు ఏదో ఉండి నా వేలు తెగింది. తుడుచుకుని సర్దుతూనే ఉన్నాను. ఆవిడ పొద్దుట్నుంచీ అందరినీ దులిపేసింది, నన్ను తప్ప. ఆ మౌనం నేను భరించలేకపోయాను.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఆ మీసాలాయన నిన్న నన్నడిగాడు. ఇది చేసిన మట్టి, ఎత్తెయ్యమంటారా అని. రెండుసార్లు ఆగి నా మొహం చూశాడు. కానివ్వమన్నది నేనే. టీ కూడా ఇచ్చాను."

"తెలుసు. గుంతలో చెప్పాడు."

"మరి నన్నేమీ అనలేదే?"

"నువ్వు చెబుతావా, నువ్వూ వాళ్ళలో కలిసిపోతావా అని చూస్తున్నా." చేతులు దులుపుకుని మడి అంచున చతికిలబడింది. "చెప్పావుగా. ఇప్పుడు తిడతాను. కూర్చో."

కూర్చున్నాను. తిట్టింది. అవన్నీ ఇక్కడ రాయను, రాసేవి కావు. ఏడేళ్ళలో ఆవిడ నన్నొక్క మాట అనలేదు, ఆ రోజు ఏడేళ్ళకి సరిపడా అంది. బుర్ర లేదంది. కళ్ళద్దాలు అమ్ముకునే దానికి కళ్ళు లేవంది. మామయ్య చేతిలో ఇటుక అలాగే పట్టుకుని నిలబడిపోయారు. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆవిడ ఆపలేదు. చివరికి ఆయాసమొచ్చి ఆగింది. గొంతు బొంగురుపోయింది.

"ముగ్గురున్నారు ఈ పనిలో. నువ్వు, ఆయన, వాడు. ముగ్గురి దగ్గరా ఫోన్లున్నాయి. ముగ్గురి ఫోన్లలోనూ నా నంబరుంది. నన్నడగాలని ఒక్కరికైనా ఎందుకు తట్టలేదే?"

ఊరికే అన్న మాట కాదది. జవాబు కోసం నిజంగానే ఆగి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తి ఆయన వంక చూసింది.